మూత పేరు మొత్తం పాత్రకు: ఆంబిక్స్, అంబీఖ్, అలెంబిక్

చిన్నప్పుడు దగ్గు పట్టుకుందంటే మా ఇంట్లో గ్లైకోడిన్ సీసా బయటికి వచ్చేది. మందు తియ్యగా ఉండేది కాబట్టి ఆ సీసా బాగా గుర్తుంది, దాని మీద కంపెనీ పేరు కూడా గుర్తుంది: అలెంబిక్. 1907లో బరోడాలో మొదలైన కంపెనీ అది. ఇప్పటికీ మన మందుల షాపుల్లో అజిత్రాల్ లాంటి వాటి మీద అదే పేరు కనబడుతుంది. ఆ మాటకి అర్థమేమిటో చూద్దామని చాలా ఏళ్ల తర్వాత ఒకరోజు వెతికితే, బట్టీపట్టే పాత్ర, అంటే ద్రవాన్ని మరిగించి ఆవిరిని పట్టే పాత్ర అని ఉంది, అరబిక్ మాట అని ఒకచోట, గ్రీకు మాట అని ఇంకోచోట. రెండూ నిజమే గానీ రెండూ సగం నిజాలే. గ్రీకులో ఆ మాటకి మొదట బట్టీపాత్ర అనే అర్థమే లేదు. అరబ్బుల దగ్గర కూడా అది మొత్తం పాత్రకి పెట్టిన పేరు కాదు. అది మూత పేరు. మూత పేరు మొత్తం పాత్రకి ఎలా వచ్చింది, అక్కడి నుంచి అది హైదరాబాద్‌కీ జపాన్‌కీ బ్రెజిల్‌కీ ఎలా చేరింది అన్నదే ఇక్కడ చెప్పబోయేది.

ముందు మూత ఎందుకంత ముఖ్యమో చూద్దాం. అన్నం ఉడుకుతున్నప్పుడు గిన్నె మీద మూత తీసి తిప్పి చూడండి, లోపలి వైపు నీటి చుక్కలు పట్టి ఉంటాయి. గిన్నెలో గంజి ఉంటుంది, పిండిపదార్థం ఉంటుంది, ఉప్పు వేస్తే ఉప్పూ ఉంటుంది, కానీ మూత మీద పట్టిన ఆ చుక్కలు మాత్రం దాదాపు శుద్ధమైన నీళ్లు. నీళ్లు ఆవిరై పైకి లేచాయి, ఉప్పు లేవలేక కిందే ఉండిపోయింది, చల్లటి మూత తగలగానే ఆవిరి మళ్లీ నీరయింది. బట్టీపట్టడమంటే ఇంతే. స్కూల్లో దీన్నే స్వేదనం అని చదువుకున్నాం, బ్యాటరీల్లో పోసే నీళ్లని స్వేదన జలం అంటాం. స్వేదమంటే చెమట. అరబ్బులు కూడా సరిగ్గా ఇలాగే ఆలోచించారు, వాళ్ల భాషలో 'అరఖ్' అంటే చెమట, బట్టీపట్టగా చుక్కలు చుక్కలుగా కారిన దానికీ అదే పేరు. మన ఆరకు, అర్కు అక్కడి నుంచి వచ్చినవే. గిన్నెకి చెమట పట్టింది అన్న ఊహ ఇద్దరికీ ఒకటే. అయితే ఒక చిన్న జాగ్రత్త: పాత రసశాస్త్ర గ్రంథాల్లో కనిపించే స్వేదనం ఇది కాదు. అక్కడ అది పాదరసానికి చేసే పద్దెనిమిది సంస్కారాల్లో మొదటిది, మందుల కషాయాల ఆవిరిలో వేలాడదీసి శుద్ధి చేయడం. బట్టీపట్టడానికి దగ్గరగా ఉండేది అక్కడ 'పాతనం'.

మరగబెట్టడం ఎవరైనా చేస్తారు, కష్టమంతా పైకి లేచిన ఆవిరిని పట్టుకోవడంలోనే. మూత మీద చుక్కలు పట్టాక వాటిని అలాగే వదిలేస్తే మళ్లీ గిన్నెలోకే పడతాయి కదా. గ్రీకు, రోమన్ కాలంలో దీనికి రకరకాల తిప్పలు పడ్డారు. నావికులు సముద్రపు నీళ్లు మరిగించి, ఆ ఆవిరిని పట్టుకుని తాగడానికి మంచినీళ్లు చేసుకునేవాళ్లు. రోమన్ రచయిత ప్లినీ రాసిన దాని ప్రకారం, చెట్ల జిగురు నుంచి తీసిన తారుని మరిగించి, ఆ ఆవిరి మీద గొర్రె ఉన్ని పరిచి, తడిసిన ఉన్నిని పిండి నూనె తీసేవాళ్లు. ఉన్ని పిండితే ఎంత వస్తుంది, ఎంత పోతుంది ఆలోచించండి. సరైన మూత దొరికేదాకా పని అలాగే నడిచింది.

ఇప్పుడు మన మాట దగ్గరికి వద్దాం. గ్రీకులో 'ఆంబిక్స్' అంటే ఒక రకం కప్పు, మన కొమ్ముచెంబులాగా ముక్కు ఉన్న కప్పు. ఆ చివరి 'క్స్' చూసి కంగారు పడక్కర్లేదు. తెలుగులో ఇల్లు అనేది 'ఇంటి'గా, ఏరు అనేది 'ఏటి'గా మారినట్టే, గ్రీకులో ఈ మాట విభక్తి చేరగానే 'ఆంబికోస్' అయిపోతుంది. అసలు ధాతువు ఆ 'ఆంబిక్'. తర్వాతి భాషలన్నీ పట్టుకుంది దాన్నే. మన 'అంబిక'తో దీనికి ఏ సంబంధమూ లేదు, శబ్దం కలిసినంత మాత్రాన చుట్టరికం కలిపేయకూడదు.

ఈ కప్పుని బోర్లించి మూతగా వాడినట్టు మనకి స్పష్టంగా చెప్పినవాడు డయాస్కోరిడీస్. ఇప్పటి టర్కీ దక్షిణ ప్రాంతంలోని అనజార్బస్ అనే ఊరివాడు, 1వ శతాబ్దంలో మందుల మీద పెద్ద గ్రంథం రాశాడు. ఇంగిలీకం నుంచి పాదరసం ఎలా తీస్తారో అందులో చెబుతాడు. ఇనుప చిప్పలో ఇంగిలీకం వేసి, దాన్ని మట్టి కుండలో పెట్టి, పైన ఆంబిక్స్ బోర్లించి, అంచుల చుట్టూ మట్టి మెత్తి, కింద బొగ్గులు రాజేయాలి. కాసేపటికి ఆంబిక్స్ లోపలి వైపు మసిలాంటిది పడుతుంది, దాన్ని గీకి చల్లారిస్తే పాదరసం. ఆ ఇనుప చిప్ప ఊరికే పెట్టింది కాదు. ఇంగిలీకమంటే పాదరసమూ గంధకమూ కలిసిన ఖనిజం, వేడికి ఇనుము ఆ గంధకాన్ని తనలోకి లాగేసుకుంటుంది, పాదరసం విడిపోయి ఆవిరవుతుంది. గంధకం, ఇనుము మధ్య ఏం జరుగుతోందో ఆ కాలంలో ఎవరికీ తెలియదు, అయినా చేతి అనుభవంతో సరైన లోహమే ఎంచుకున్నారు. మన రసవైద్యులు కూడా ఇదే ఖనిజం నుంచి ఇలాగే తీసేవాళ్లు. రెండు కుండలు మూతికి మూతి ఆనించి మట్టిగుడ్డ చుట్టి కింద మంట పెడితే పాదరసం పై కుండ లోపల పడుతుంది. డమరుకంలా ఉంటుంది కాబట్టి దానికి డమరు యంత్రమని పేరు. పాదరసం ఆవిరి పీలిస్తే విషం, కాబట్టి ఇవన్నీ చదివి తెలుసుకోవడానికే తప్ప ఇంట్లో చేసి చూసేవి కావు.

డయాస్కోరిడీస్ చెప్పిన ఆంబిక్స్‌కి గొట్టం పని లేదు, లోపల పట్టింది గీక్కోవాల్సిందే. ద్రవం కారి బయటికి రావాలంటే ఇంకో అడుగు పడాలి, ఆ అడుగు పడింది ఈజిప్టులో, గ్రీకు మాట్లాడే రసవాదుల చేతుల్లో. మూత లోపలి అంచు చుట్టూ చిన్న కాలువలాంటిది పెట్టారు. గోడల మీద నుంచి జారిన చుక్కలు ఆ కాలువలో చేరి, దానికి తగిలించిన గొట్టం గుండా బయటి సీసాలోకి వెళ్తాయి. చూరు నుంచి కారే వాన నీటిని తొట్టిలోకి మళ్లించినట్టు. ఎంత చిన్న మార్పో చూడండి, కానీ ఉన్ని పిండుకోవడానికీ దీనికీ ఎంత తేడా!

ఈ పనిలో మొదట వినిపించే పేరు ఒక స్త్రీది, యూదు మరియ. ఆమె రాతలు నేరుగా మిగల్లేదు, దాదాపు 300 ప్రాంతంలో ఈజిప్టులోని పానోపొలిస్‌కి చెందిన జోసిమోస్ తన పుస్తకాల్లో ఆమెని పదేపదే తలుచుకున్నాడు కాబట్టి తెలిసింది. మూడు గొట్టాలున్న బట్టీపాత్ర ఎలా చేయాలో ఆమె చెప్పిన పద్ధతి నాకు భలే నచ్చుతుంది. రాగి గొట్టాల మందం ఎంతుండాలంటే, మిఠాయిలు చేసేవాళ్ల రాగి మూకుడు కంటే కొంచెం ఎక్కువ అంటుంది. అతుకులు పిండిముద్దతో మూయమంటుంది. దమ్ బిర్యానీ హండీకి మూత చుట్టూ పిండి అంటిస్తారు చూడండి, అదే పని, అదే కారణం. రసాయనశాస్త్రం వంటింటికి ఎంత దగ్గరగా పుట్టిందో ఈ రెండు వాక్యాల్లో కనబడుతుంది. వేడి నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి నెమ్మదిగా వేడిచేసే పద్ధతిని ఫ్రెంచి వాళ్లు 'బాన్ మరీ' అంటారు, మరియ స్నానం అని అర్థం, ఆ పేరు ఈమెదేనని చెబుతారు.

ఇక్కడ చాలామంది పొరపాటు పడే చోటు ఒకటుంది. ఆ మూడు గొట్టాల పాత్ర పేరు గ్రీకులో 'త్రిబికోస్'. వినగానే మూడు ఆంబిక్స్‌లు అనిపిస్తుంది, కానీ అది ఆంబిక్స్ కాదు. 'బికోస్' అంటే జాడీ, సీసా. చుక్కలు పడే సీసాలు మూడు ఉన్నాయి కాబట్టి త్రిబికోస్. అంటే ఒకే పరికరంలో పై మూత ఆంబిక్స్, పక్కన సీసాలు బికోస్‌లు. రెండు వేర్వేరు మాటలు, రెండు వేర్వేరు భాగాలు. ఈ తేడా పట్టుకుంటేనే ఆంబిక్స్ అనేది మూత పేరని గట్టిగా తెలుస్తుంది.

అబ్బాసీ ఖలీఫాల కాలంలో గ్రీకు గ్రంథాలు అరబిక్‌లోకి వచ్చినప్పుడు ఆంబిక్ 'అన్‌బీఖ్' అయింది. రాసేది నకారంతో, పలికేది మకారంతో. అరబిక్‌లో బకారం ముందు నకారం వస్తే మకారంగా పలుకుతారు. తెలుగువాళ్లకి ఇది విడిగా వివరించక్కర్లేదు, మన సున్నా చేసేది అదే కదా, 'పందెం'లో నకారం, 'అంబ'లో మకారం. చివరి కకారం గొంతులోంచి పలికే 'ఖ్' అవడం కూడా గ్రీకు మాటలు అరబిక్‌లోకి వెళ్లేటప్పుడు మామూలే. గ్రీకు 'కానోన్' అరబిక్‌లో 'ఖానూన్' అయింది, అదే ఉర్దూ మీదుగా మనకి కానూను. ముందు 'అల్' చేరితే 'అల్ అంబీఖ్'. ఆ 'అల్' అంటే ఇంగ్లీషు 'ది' లాంటిదే, ఇంకేం లేదు. ఆల్జీబ్రా, ఆల్కలీ, ఆల్మనాక్, ఆల్కహాల్, అన్నిటికీ ముందు ఉన్నది అదే. ఆల్కహాల్ కథ ఇంకా చిత్రం: 'అల్ కుహ్ల్' అంటే కంటికి పెట్టుకునే సుర్మా. సన్నగా నూరిన పొడి కాబట్టి, ఏ పదార్థంలోనైనా సూక్ష్మంగా మిగిలే సారానికి యూరప్‌లో ఆ పేరు పెట్టారు, తర్వాత ద్రాక్షసారా నుంచి తీసిన సారానికి అంటిపెట్టుకుని అక్కడే ఉండిపోయింది. అంటే ఆల్కహాల్ అన్న మాట అరబిక్‌దే, కానీ ఆ అర్థం మాత్రం అరబ్బులు ఇచ్చింది కాదు.

అరబ్బులు పాత్రలో ఒక్కో భాగానికీ పెట్టుకున్న పేర్లు చూస్తే ముచ్చటేస్తుంది. 925 ప్రాంతంలో చనిపోయిన అల్ రాజీ, ఇరాన్‌లోని రయ్ పట్నపు వైద్యుడు, తన 'కితాబుల్ అస్రార్'లో పనిముట్లన్నీ వరసగా చెబుతాడు. కింద ద్రవం పోసి వేడిచేసే పాత్ర 'ఖర్', అంటే సొరకాయ. నిజంగానే అది సొరబుర్రలా అడుగున ఉబ్బి పైన మెడ సన్నగా ఉంటుంది. లాటిన్ వాళ్లు దాన్ని మక్కీకి మక్కీ అనువదించి 'కుకుర్బిటా' అన్నారు, అదీ సొరకాయే. పైన మూత 'అంబీఖ్'. చుక్కలు పట్టుకునే సీసా 'ఖాబిలా'. ఖాబిలా అంటే అందుకునేది, అరబిక్‌లో మంత్రసానిని కూడా ఖాబిలా అనే అంటారు. పుట్టేదాన్ని చేతుల్లోకి అందుకునేవాళ్లు అన్నమాట. ముక్కు లేని, మూసి ఉన్న మూత కూడా ఒకటుండేది, దాని పేరు గుడ్డి అంబీఖ్. డయాస్కోరిడీస్ పాదరసం తీసినట్టు, మూతకి పట్టింది గీక్కోవాల్సిన పదార్థాలకి అది పనికొచ్చేది.

ఈ పరికరంతో వాళ్లు ఎక్కువ చేసింది సారా కాదు. గులాబీ నీరు, అత్తరు, మందులు, ఆమ్లాలు. 9వ శతాబ్దంలో అల్ కిందీ పరిమళాల తయారీ మీదే ఒక పుస్తకం రాశాడు. ఇరాన్‌లో కాషాన్ దగ్గర ఖమ్సర్ అనే ఊళ్లో ఇప్పటికీ వేసవి మొదట్లో గులాబీలు కోసి పెద్ద రాగి డేగిసాల్లో గులాబ్ నీరు తీస్తారు. మన పెళ్లిళ్లలో గుమ్మం దగ్గర నిలబడి వెండి బుడ్డితో చల్లే పన్నీరు కూడా ఇలా తీసేదే.

ఇక హైదరాబాద్ సంగతి. యునానీ అంటేనే గ్రీకు అని అర్థం, 'అయోనియా' అన్న గ్రీకు ప్రాంతపు పేరు నుంచి వచ్చిన మాట. గ్రీకు వైద్యం అరబిక్‌లోకి, ఫారసీలోకి వెళ్లి, అక్కడి నుంచి ఉర్దూలో మన దగ్గరికి వచ్చింది. చార్మినార్ పక్కన నిజామియా టిబ్బీ కాలేజీ ఉంది కదా, అక్కడ నేర్పేది ఆ వైద్యమే. ఆ వైద్యంలో అర్ఖ్‌లు తీసే పరికరం పేరు 'ఖర అంబీఖ్'. సొరకాయ, మూత. రెండు భాగాల పేర్లూ కలిపి చెబుతారు, ఒకటి అరబిక్, ఒకటి గ్రీకు. నేను చూసినంతలో, ఈ మాట తన పాత అర్థాన్ని ఇంత చెక్కుచెదరకుండా ఉంచుకున్న చోటు ఇదే. యూరప్‌లో మూత పేరు పాత్రనంతా మింగేసింది, యునానీ వైద్యుల నోట మాత్రం కింద సొరకాయ, పైన అంబీఖ్, ఎవరి చోట వాళ్లున్నారు. సోంపు నుంచి తీసే అర్ఖె బాదియాన్, గులాబీల నుంచి తీసే అర్ఖె గులాబ్ ఇలా వచ్చినవే.

అయితే మన దేశంలో బట్టీ అంతా ఈ దారినే వచ్చిందని అనుకోకూడదు. కన్నౌజ్‌లో అత్తరు తీసే పరికరం చూడండి: రాగి డేగ్, దానిలోంచి వెదురు గొట్టం, అవతల నీళ్లలో ముంచి పెట్టిన 'భప్కా'. భాప్ అంటే ఆవిరి, దాన్ని పట్టేది భప్కా. ఇక్కడ మూత చల్లబరచదు, నీళ్లలో ఉన్న సీసా చల్లబరుస్తుంది. ఇది వేరే ఆలోచన. తక్షశిలలోనూ చార్‌సద్దా దగ్గర షేఖాన్ ఢేరీలోనూ తవ్వకాల్లో దొరికిన మట్టి పాత్రల్ని ఇలాంటి బట్టీ సామాను అని పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ వాదించాడు, అవి దాదాపు రెండు వేల ఏళ్ల నాటివి. ఆ వాదనని అందరూ ఒప్పుకోలేదు. నాకు మాత్రం ఒకటి తేటగా కనబడుతుంది: పేరు ఒకచోట నుంచి వచ్చినంత మాత్రాన పనితనం కూడా అక్కడి నుంచే రావాలని లేదు. మాట చరిత్ర వేరు, వస్తువు చరిత్ర వేరు. ఎవరు కనిపెట్టారు అని ఇంటర్నెట్‌లో జరిగే వాదనల్లో సగం ఈ రెంటినీ కలిపేయడం వల్ల వచ్చేవే.

12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని టొలెడో లాంటి ఊళ్లలో అరబిక్ పుస్తకాలు లాటిన్‌లోకి అనువాదమయ్యాయి, అంబీఖ్ 'అల్' తో సహా 'అలెంబికుం' అయింది. 'అల్' అనేది విడి మాటని తెలియక అతికించేసుకున్నారు. కొందరు ఆ మొదటి అకారాన్ని మళ్లీ వదిలేశారు కూడా, ఇటాలియన్‌లో 'లంబిక్కో', పాత ఇంగ్లీషులో 'లింబెక్'. మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెవికి తెలియనప్పుడు ఇలాగే జరుగుతుంది. మన నారింజ ఫారసీ, అరబిక్ మీదుగా యూరప్ వెళ్లి, దారిలో మొదటి నకారం పోగొట్టుకుని 'ఆరెంజ్' అయినట్టు.

యూరప్‌లో అలెంబిక్ చేతికొచ్చాక పని మారిపోయింది. ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నీళ్లు 100 దగ్గర. ఆల్కహాల్ ఆవిరి తొందరగా లేస్తుంది, కానీ గాలికి చల్లబడే పాత మూతతో దాన్ని పట్టుకోవడం కష్టం, చాలా భాగం ఎగిరిపోతుంది. 13వ శతాబ్దంలో బొలోన్యా వైద్యుడు తద్దేయో అల్దెరొత్తి, గొట్టాన్ని పాములా మెలికలు తిప్పి చల్లటి నీళ్ల తొట్టిలోంచి పోనివ్వమని రాశాడు. చల్లబరిచే పని మూత మీద నుంచి గొట్టానికి మారింది. మాట విషయంలో ముఖ్యమైన మలుపు ఇదేనని నాకనిపిస్తుంది. మూతకి ప్రత్యేకమైన పని లేకుండా పోయింది కాబట్టి, మూత పేరు మూత మీదే నిలబడాల్సిన అవసరమూ పోయింది, మొత్తం సామానుకి వాడేశారు. ఫోన్‌లో ఎమోజీల్లో ఒక బట్టీపాత్ర బొమ్మ ఉంటుంది, 2005లో యూనికోడ్‌లో చేరింది, దాని అధికారిక పేరు అలెంబిక్. ఆ బొమ్మలో ఉన్నది మూత ఒక్కటే కాదు, కింద పాత్రతో సహా మొత్తం.

అక్కడి నుంచి మాట ఓడలెక్కింది. ఫ్రాన్సులో 'అలంబిక్', కొన్యాక్ బ్రాందీని ఇప్పటికీ రాగి అలంబిక్‌లోనే రెండుసార్లు కాస్తారు, మొదటిసారి దాదాపు 30 శాతం, రెండోసారి దాదాపు 70 శాతం ఆల్కహాల్ వస్తుంది. రాగి ఎందుకంటే వేడి సమంగా పాకుతుంది, పైగా పులిసిన ద్రవంలోని గంధకపు వాసనల్ని రాగి పట్టేసుకుంటుంది. 1830లో ఈనియాస్ కాఫీ అనే ఐరిష్ మనిషి ఆగకుండా నడిచే స్తంభం లాంటి బట్టీకి పేటెంట్ తీసుకున్నాక పెద్ద ఫ్యాక్టరీలు అటు మళ్లాయి, అలంబిక్ అంటే నెమ్మదిగా, ఒక్కో వాయిగా చేసే పాత పద్ధతి అన్న గౌరవం మిగిలింది. బ్రెజిల్‌లో చెరకు రసంతో చేసే కషాసా సీసాల మీద 'అలంబికె' అని రాసి ఉంటే, స్తంభాల్లో చేసింది కాదు, రాగి పాత్రలో చేసింది అని అర్థం. పోర్చుగీసు వాళ్ల నోటి నుంచే ఇది జపాన్‌కీ చేరి 'రంబికి' అయింది. 17 నుంచి 19వ శతాబ్దం దాకా నడిచిన ఎడో కాలంలో అక్కడ పింగాణీతో మూడు అంతస్తుల రంబికిలు చేసేవాళ్లు, ఒకదాని మీద ఒకటి పేర్చిన టిఫిన్ క్యారియర్‌లా ఉంటాయి. మందులు, సుగంధ జలాలు తీసేవాళ్లు. రాసేటప్పుడు మొదటి అక్షరానికి ఆర్కిడ్ పువ్వు అని అర్థమొచ్చే చైనా లిపి గుర్తు పెట్టారు, శబ్దం కలిసిందని. గ్రీకు కప్పుకి చివరికి పువ్వు పేరు కూడా అంటుకుంది.

బెల్జియం 'లాంబిక్' బీరు కూడా ఈ కుటుంబమేనా అని అడుగుతుంటారు. అలంబిక్ నుంచే వచ్చిందని ఒక వాదన, బ్రస్సెల్స్ దగ్గర లెంబేక్ అనే ఊరి పేరు నుంచి వచ్చిందని ఇంకో వాదన. అది పులియబెట్టేది తప్ప బట్టీపట్టేది కాదు. తేలని లెక్క కాబట్టి కుటుంబంలో కలపకుండా పక్కన పెట్టడమే మంచిది.

వస్తువు నుంచి మాట మనుషుల బుర్రల్లోకి ఎక్కడం ఇంకా బాగుంటుంది. ఇటాలియన్‌లో ఏదైనా సమస్య మీద బుర్ర బద్దలు కొట్టుకోవడాన్ని 'లంబిక్కార్సి ఇల్ చెర్వెల్లో' అంటారు, మెదడుని బట్టీలో వేసుకోవడం. బట్టీపట్టడం అంటే మనకి పరీక్షల ముందు రాత్రి గుర్తొస్తుంది, వాళ్లకి లెక్క తెగని సమస్య గుర్తొస్తుంది. ఫ్రెంచిలో 'అలంబికే' అంటే మెలికలు తిరిగిన, అనవసరంగా చిక్కుపడిన రాత. స్పానిష్‌లో 'అలంబికాదో' కూడా దాదాపు అంతే, మరీ నాజూకు చేసి చెడగొట్టింది. టర్కీ వాళ్లు మాత్రం 'ఇంబిక్' గుండా జారిందంటే మెచ్చుకున్నట్టే, మనం ఫలానా ఆయన శాస్త్రాలన్నీ కాచి వడపోశాడు అన్నట్టు. అదే పాత్ర, అదే పని. ఒకరికి దాని మెలికల గొట్టం కనబడింది, ఒకరికి మంట కనబడింది, ఒకరికి చివర కారిన స్వచ్ఛమైన చుక్క కనబడింది. ఏ భాష దేన్ని చూసిందో ఆ అర్థమే నిలిచింది.

మరి పుట్టింటి సంగతేమిటి? నేటి గ్రీకులో సైన్సు పుస్తకాల్లో 'ఆంబికస్' అనే మాట ఉంది, పాత మాటనే పండితులు తిరిగి తెచ్చుకున్నది. కానీ మామూలు జనం నోట్లో ఉన్నది అది కాదు. గ్రీకు దీవులు చాలా కాలం వెనిస్ ఏలుబడిలో ఉన్నాయి, ఇటాలియన్ లంబిక్కో ఆ దారిన 'లంబికోస్' అయి గ్రీసుకి తిరిగొచ్చింది. తనదేనని ఎవరూ గుర్తుపట్టలేదు, అరబ్బుల దగ్గర చేరిన లకారమూ, ఇటలీలో వచ్చిన కొత్త యాసా దానితోనే ఉన్నాయి. ఇవాళ ఒక గ్రీకు ఇల్లాలు గిన్నెలు తోమి తళతళలాడించి, ఇల్లంతా కడిగి తుడిచాక, 'లంబికో చేశాను' అంటుంది. అద్దంలా మెరిసేలా శుభ్రం చేశాను అని అర్థం.